పగిలిన గాజు – ఇంటికి చలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు గాజు చేసిన ఉపకారము గొప్పది. విద్యుద్దీపములు రాని దినములలో లాంతరు చిమ్నీ లేనిదే రాత్రివేళ పుస్తకము తెరచుటకు వీలులేకుండెను. చత్వారము వచ్చిన పెద్దలకు కంటి అద్దములు లేనిదే అక్షరము కనబడదు. పుస్తకములను దుమ్ము నుండి కాపాడునది అద్దపు తలుపుల బీరువా. ఇన్ని విధముల సేవచేసిన గాజు పగిలిన క్షణము నుండి మాత్రము ఎవరికిని అక్కరలేనిదగుచున్నది. పగిలిన కుండపెంకు మట్టిలో కలియును. విరిగిన కఱ్ఱ పొయ్యిలోనికి పోవును. చిరిగిన గుడ్డ మసిబట్ట యగును. పగిలిన సీసాను మాత్రము చీపురుతో ఊడ్చి, కాగితములో చుట్టి, ఊరవతల గట్టుమీద పారవేయుదురు. వాన కురిసినపుడు అది కాలువలోనికి జారును. కాలువ నుండి పొలమునకు చేరును. దమ్ములో నడచుచున్న రైతు పాదమున దిగును. గాజు కుళ్లదు, తుప్పు పట్టదు, చెదలకు లొంగదు. కాలము దానిని తినజాలదు.

ఈ దోషమే ఒకచోట గుణమగును. కుళ్లనిది, తుప్పు పట్టనిది, చెదలు తిననిది, మంట అంటనిది అయిన వస్తువు ఇల్లు కట్టువానికి కావలసిన వస్తువే కదా! ఊరి బయట పడియున్న గాజు, ఊరి మీద పడుచున్న ఎండను ఆపగలదనుటయే ఈ ప్రసంగపు సారము. అది ఎట్లు సాధ్యమగునో, అందుకు అయ్యెడి వ్యయమేమో, అందులోని చిక్కులేవో క్రమముగా విచారింపవలసియున్నది.

మొదట ఎండ సంగతి. ఉత్తరాంధ్ర తీరమున పూర్వులు కట్టుకొనిన చుట్టిల్లును తలచుకొనుడు. గుండ్రని మట్టిగోడ, నేలవైపునకు వంగి దిగిన తాటాకు కప్పు. మండుటెండలో నడచివచ్చినవాడు నడుము వంచి లోనికి అడుగిడగనే చెమట ఆరెడిది. ఆ చలువకు తాటాకు సహజముగా చల్లని వస్తువగుట కారణము కాదు. ఆకునకు ఆకునకు నడుమ చిక్కుకొనిన గాలియే కారణము. కదలని గాలి వేడిమిని మోయుటలో మిక్కిలి సోమరి. శాస్త్రజ్ఞులు ఒక్కొక్క వస్తువు వేడిమిని ఎంత సులభముగా దాటనిచ్చునో కొలిచి అంకెలు కట్టిరి. అంకె యెంత చిన్నదో, దాటు వేడిమి అంత తక్కువ. కదలని గాలికి ఆ అంకె సుమారు 0.025. కాల్చిన ఇటుకకు సుమారు 0.7. కాంక్రీటునకు సుమారు 1.5. అనగా గాలి ఒక పాలు వేడిమిని దాటనిచ్చినచోట కాంక్రీటు 60 పాళ్లు దాటనిచ్చుచున్నది.

ఇచట ‘కదలని’ అను మాటను విడువరాదు. కదలెడి గాలి వేడిమిని మోసికొనిపోవును. వడగాలియే అందుకు సాక్ష్యము. గాలిని చిన్నచిన్న గదులలో బంధించినచో అది నిలిచి కాపలా కాయును. కంబళి వెచ్చగా ఉండుట ఇందువలననే. పక్షి తన ఈకలను ఉబ్బించి చలిని ఓర్చుకొనుట ఇందువలననే. గడ్డివామి నడుమ ఎండవేడి చేరకుండుటయు ఇందువలననే.

మరి తాటాకు ఇండ్లను జనులేల విడిచిరి? నిప్పునకు వెఱచి విడిచిరి. వేసవిలో ఒక నిప్పురవ్వ లేచెనా, వాడకు వాడ బూడిదయయ్యెడిది. తుపానునకు కప్పు ఎగిరిపోయెడిది. ఏటేట ఆకు మార్చుట భారమయ్యెడిది. అందువలన పెంకుటిండ్లు వచ్చెను; పిమ్మట రేకుల ఇండ్లు, శ్లాబు ఇండ్లు వచ్చెను. శ్లాబు నిప్పు భయమును తీర్చెను, గాలి భయమును తీర్చెను. కాని చలువను తీసికొనిపోయెను. పగలంతయు ఎండవద్ద అప్పు తీసికొని, రాత్రి తెల్లవార్లు ఇంటిలోని వారిపై ఆ అప్పును దించుకొనుట శ్లాబు స్వభావము. అర్ధరాత్రి చేయి చాచి కప్పును తాకి చూచినవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

ఇది సుఖమును గూర్చిన మాట మాత్రమే కాదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశములో వెయ్యిమందికి పైగా మరణించిరి. వారిలో ముసలివారు, ఎండలో కూలిపని చేయువారు అధికము. పగలు ఎండలో మాడిన శరీరము రాత్రియైనను చల్లబడవలెను. రాత్రియు ఇల్లు కుంపటివలె ఉన్నచో దేహము కోలుకొనుటకు వ్యవధి యుండదు. చల్లబరచు యంత్రము కొనగలవాడు కొనును; దాని కరెంటు బిల్లు కట్టగలవాడు కట్టును. కొనలేనివాని ప్రాణమునకు కప్పే రక్ష.

ఈ చిక్కు గాజువాక ప్రాంతమునకు మరింత దగ్గరిది. ఇది ఒకప్పుడు పల్లె. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను నినాదముతో రాష్ట్రమంతట ఉద్యమము నడచెను. 32 మంది ప్రాణములర్పించిరి. 1970 ఏప్రిల్ 17న ఉక్కు కర్మాగారము విశాఖలో నెలకొల్పబడునని శ్రీమతి ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1న శ్రీ పి. వి. నరసింహారావు దానిని జాతికి అంకితము గావించిరి. అందుకై అనేక గ్రామములవారు భూములను, తోటలను, ఇండ్లను విడిచి, వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ మున్నగు చోట్ల నిర్వాసితుల కాలనీలలో స్థిరపడిరి. గాజువాక పురపాలక పట్టణమై, 2005లో మహా విశాఖ నగరములో కలిసెను. తోటలున్నచోట కప్పులు లేచెను. ఒక తరము ముందు తాటాకు నీడలో నిదురించిన కుటుంబములు నేడు కాంక్రీటు క్రింద నిదురించుచున్నవి.

వేడిమిని ఆపుటకు నేడు బజారులో వస్తువులు లేకపోలేదు. తెల్లని థర్మోకోలు పలకలు తేలికయైనవి, చౌకయైనవి, గాలిని చక్కగా బంధించునవి. కాని అవి నిప్పునకు లోబడును. ఈ సందర్భమున ఆదిపర్వములోని లక్కయింటి కథ జ్ఞప్తికి రాక మానదు. వారణావతమున పురోచనుడు కట్టించిన ఇల్లు చూపులకు సుందరము, ఉండుటకు సుఖము. గోడలలో మాత్రము లక్క, నెయ్యి మున్నగు మండెడి పదార్థములు చేర్చబడెను. విదురుని హెచ్చరికయు, భూమిలో త్రవ్విన సొరంగమును లేనిచో పాండవుల కథ అచటనే ముగిసియుండెడిది. ఇది పురాణకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2017 జూన్ 14 రాత్రి లండను నగరములో గ్రెన్‌ఫెల్ టవర్ అను 24 అంతస్తుల భవనము కాలి 72 మంది మరణించిరి. గోడల వెలుపల తొడిగిన పలకలలోని ప్లాస్టిక్ పదార్థము మంటను పైకి ప్రాకించుట ముఖ్య కారణమని విచారణలో తేలెను. వేడిమినుండి కాపాడుటకు వాటి వెనుక అమర్చిన నురుగు పలకలును మండునవియే. అచట విదురుడు లేడు, సొరంగమును లేదు. ఇంటికి చలువ కావలయును. కాని ఆ చలువ లక్కయిల్లు కారాదు.

కావున అడుగవలసిన ప్రశ్న యిది: తాటాకువలె గాలిని బంధించవలెను, రాతివలె మంటకు లొంగకుండవలెను. అట్టి వస్తువు గలదా?

ప్రకృతిలో గలదు. అగ్నిపర్వతము నుండి వెలువడిన ద్రవము వాయువులతో పొంగి, వెంటనే చల్లారినచో నురుగురాయి యగును. అది నిజమునకు రాయి కాదు, గాజు నురుగు. నీటిలో వేసిన తేలును. తేలెడి రాళ్ల మాట రామాయణము వినుచు పెరిగినవారికి క్రొత్త కాదు. రోమునగరములోని పాంథియన్ ఆలయపు గుమ్మటమును సుమారు 1,900 సంవత్సరముల క్రిందట కట్టిరి. దాని అడ్డుకొలత 43 మీటర్లు. ఇనుప కడ్డీ యొక్కటియు లేని ఆ గుమ్మటములో పైకి పోయినకొలది తేలిక రాళ్లను వాడి, శిఖర భాగమున నురుగురాతిని కలిపిరి. అది నేటికిని నిలిచియున్నది.

అగ్నిపర్వతము చేసిన పనిని మనుష్యుడు కొలిమిలో చేసిన, దానికే నురుగుగాజు అని పేరు. చేయు విధము వంటింటి వారికి సులభముగా తెలియగలదు. మురీలు వేయించుట చూడని వారుండరు. కాగిన ఇసుకలో బియ్యపుగింజ పడగనే లోపలి తేమ ఆవిరియై, మెత్తబడిన గింజను ఉబ్బించును. గింజ ఆ ఉబ్బుతోనే గట్టిపడును. నురుగుగాజు సంగతియు అట్టిదే. పగిలిన సీసాలను కడిగి, పిండివలె మెత్తగా విసరుదురు. ఆ పొడిలో నూటికి ఒకటి రెండు పాళ్లు బొగ్గుపొడి గాని, సున్నపురాతి పొడి గాని, అట్టి వాయువు పుట్టించు మరియొక పదార్థము గాని కలుపుదురు. ఈ మిశ్రమమును 800 నుండి 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల కొలిమిలో నడిపింతురు. గాజు కరగి నీరు కాదు, తేనెపాకమువలె మెత్తబడును. అదే సమయమున కలిపిన పొడి నుండి వాయువు పుట్టి, ఆ పాకములో లక్షల బుడగలు లేపును. చల్లారగనే ఒక్కొక్క బుడగ గాజు గోడలుగల చిన్న గదియగును. నిదానముగా చల్లార్చినచో పలకలుగా, దిమ్మెలుగా కోయవచ్చును. త్వరగా చల్లార్చినచో తనంతట తానే చిట్లి, పిడికెడేసి ముక్కల కంకరగా విడిపోవును.

ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. 1930ల నాటికే సోవియట్ రష్యాలోను, ఫ్రాన్సులోను ఇందుకు ప్రయత్నములు జరిగెను. 1937లో అమెరికాలో రెండు గాజు కంపెనీలు కలిసి పిట్స్‌బర్గ్ కార్నింగ్ అను సంస్థను నెలకొల్పినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బెండునకు బదులు నీటిలో తేలెడి సామగ్రికి ఈ గాజును వాడిరి. యుద్ధానంతరము భవనముల కప్పులకును, చల్లని ద్రవములు పారు గొట్టములకును, ద్రవరూప వాయువు నిలువచేయు పెద్ద తొట్ల అడుగునను వాడసాగిరి. తొట్టి బరువునంతయు మోయుచు వేడిమిని ఆపగల వస్తువులు అరుదు. పాత సీసాల నుండి నురుగుగాజు కంకర చేయుట స్విట్జర్లాండు, జర్మనీ, నార్వే మున్నగు దేశములలో నేడు సాధారణ వ్యాపారము. నార్వేలో మెత్తని నేలపై రహదారి వేయుచోట గట్టునకు బరువు తగ్గుటకై ఈ కంకరను పోయుదురు. వారు చలిని ఆపుటకు వాడు వస్తువు తెలుగుదేశమున ఎండను ఆపును. గదిగోడకు చలియైనను ఎండయైనను ఒక్కటే. దాటుటకు యత్నించునది వేడిమియే.

ఇక లెక్కలోనికి వత్తము. లెక్క లేని మాట గాలికి పోవును. మామూలు గాజు ఘనమీటరు 2,500 కిలోలు తూగును. నురుగుగాజు కంకర ఘనమీటరు సుమారు 200 కిలోలు. అనగా ఒక టన్ను పగిలిన గాజు పొంగి 5 ఘనమీటర్ల కంకర యగును. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుగల శ్లాబుపై 10 సెంటిమీటర్ల మందమున దీనిని పరచుటకు 6 ఘనమీటర్లు చాలును. దానికి పట్టు గాజు 1,200 కిలోలు. సీసా అరకిలో తూగునని వేసికొన్నచో 2,400 సీసాలు. ఒక పేటలో ఏడాది పొడవున పారవేసిన సీసాలను ప్రోగుచేసిన, ఇట్టి కప్పులు కొన్నియైనను లేకపోవునా?

అదే మందమున ఇటుకముక్కలు, సున్నము కలిపి దిమ్మిస వేసినచో కప్పుపై 10 టన్నులకు మించిన బరువు పడును. నురుగుగాజు బరువు అందులో ఎనిమిదవ వంతు. వేడిమి లెక్క ఇంకను ఆశ్చర్యకరము. కంకరగా పరచిన నురుగుగాజు అంకె సుమారు 0.08. ఇట్టి 10 సెంటిమీటర్ల పొర ఆపినంత వేడిమిని కాంక్రీటు ఆపవలెనన్న, దానిని సుమారు 1.9 మీటర్ల మందమున పోయవలసియుండును. నిలువెత్తు మనిషిని మించిన మందము! ఏ ఇల్లు దానిని మోయగలదు?

గుణములతోపాటు దోషములను చెప్పనివాడు వర్తకుడగును గాని హితుడు కాడు. నురుగుగాజు పెళుసైనది; సూదిగా బరువు పడిన నలుగును. కావున కప్పుమీద పరచిన పిమ్మట పైన సిమెంటు పూత గాని పలకలు గాని ఉండవలెను. తేలికయైనది గాలికి లేచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున విశాఖను తాకినపుడు రేకులు ఆకులవలె ఎగిరినవి. పెద్ద భవనముల అద్దములు వీధులలో రాలినవి. తీరవాసులు ఈ పాఠము మరువరాదు. తేలిక వస్తువును బిగించి, కప్పి, అంచులు కట్టి వాడవలెను. గాజుముక్కను నేరుగా సిమెంటు కాంక్రీటులో కలిపినచో సిమెంటులోని క్షారము గాజుతో కలహించి, కొన్నేండ్లకు బీటలు తెప్పించును. ఈ కలహమును తీర్చు మందు ఈ ఊరివద్దనే గలదు. ఆ సంగతి ముందు వచ్చును.

కొలిమికి ఇంధనము కావలెను. కావున పగలని సీసాను పొడిచేసి నురుగుగా మార్చుట అవివేకము. మొదటి పద్ధతి, పగలని సీసాను కడిగి మరల నింపుట. రెండవది, పగిలిన దానిని రంగు వారీగా వేరుచేసి సీసాల కర్మాగారమునకు పంపుట. ఇసుక, సోడా, సున్నపురాయి కరగించి క్రొత్త గాజు చేయుటకు కొలిమి 1,500 డిగ్రీల వరకు మండవలెను. అందులో పాత గాజు పాలు 10 శాతము పెరిగిన కొలది ఇంధనము 2.5 నుండి 3 శాతము తగ్గును. రంగులు కలిసిపోయి, ముక్కచెక్కలై, సీసాల కర్మాగారము వలదన్న గాజు మిగులును. ఆ మిగిలినదానికే మూడవ పద్ధతి, నురుగుగాజు. దానికి రంగుల పట్టింపు లేదు. ట్యూబులైట్ల గాజులో పాదరసము, పాత టెలివిజన్ గాజులో సీసము ఉండును. వానిని మాత్రము ఇందులో కలుపరాదు.

ఇపుడు గాజువాక సొంత గాజును గూర్చి చెప్పవలెను. ఊరి పేరులో గాజు ఉన్నట్లే, ఊరి ప్రక్క కొలిమిలోను గాజు పుట్టుచున్నది. ఉక్కు కర్మాగారములోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను మూడు బ్లాస్టు ఫర్నేసులలో ఇనుము కరగునపుడు, ఖనిజములోని మలినము సున్నపురాతితో కలిసి, ఇనుముపై తెట్టువలె తేలును. అదియే చిట్టెము. టన్ను ఇనుమునకు సుమారు 300 నుండి 400 కిలోల చిట్టెము వచ్చును. దానిని నిదానముగా చల్లారనిచ్చిన రాయియగును. నీటిధారలతో ఒక్కసారిగా చల్లార్చిన, గట్టిపడుటకు వ్యవధియే గాని పేర్చుకొనుటకు వ్యవధి లేక, దానిలోని అణువులు చెదరియున్నవి చెదరినట్లే నిలిచి గాజురేణువులగును. అట్టి రేణువులకు సున్నము తగిలిన సిమెంటువలె బిగియునని 1862లోనే జర్మనీ దేశస్థుడు ఎమిల్ లాంగెన్ కనుగొనెను. నేడు చిట్టెపు సిమెంటు ఇండ్లకు, వంతెనలకు విరివిగా వాడబడుచున్నది. నీటిని మితముగా చల్లినచో చిట్టెము పొంగి నురుగురాయి యగును. ఇంగ్లండు, జర్మనీ దేశములలో దానిని తేలిక కాంక్రీటులో కంకరగా వాడిరి. గాజును పొంగించి ఇల్లు కట్టు విద్యకు ఇది అన్నదమ్ముల బిడ్డ.

రెండవది బూడిద. పరవాడ వద్దనున్న సింహాద్రి విద్యుత్కేంద్రము సామర్థ్యము 2,000 మెగావాట్లు. భారతదేశపు బొగ్గులో నూటికి 30 నుండి 45 పాళ్లు బూడిదయే. మంటలో ఆ ఖనిజపు ధూళి కరగి, పొగతో పైకెగసి చల్లారునపుడు కంటికి కనబడనంత చిన్న గోళములగును. వానిలో అధికభాగము గాజే. కొన్ని గోళముల లోపల గాలియుండును. అవి బూడిద చెఱువులలో నీటిపై తేలును. అనగా ఆ పొగగొట్టము ఏమియు చెప్పకయే నురుగుగాజును చేయుచున్నది! సిమెంటులోని క్షారమునకును గాజుముక్కకును కలహము వచ్చునంటిమి. ఈ మెత్తని బూడిదను తగు పాళ్లలో కలిపినచో, అది క్షారమును ముందుగానే తనలో ఇముడ్చుకొని ఆ కలహమును అణచును.

ఈ బూడిదతో ఇటుక చేయు విద్యలో విశాఖపట్టణమునకు పేరు గలదు. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఇన్‌స్వారెబ్ అను సంస్థ ద్వారా ‘ఫాల్‌జీ’ అను పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చిరి. బూడిద, సున్నము, జిప్సము – ఈ మూడింటి ఆంగ్ల నామముల మొదటి అక్షరములే ఆ పేరు. జిప్సము ఎరువుల కర్మాగారములలో మిగిలెడి పదార్థము. ఈ మూడింటిని నీటితో కలిపి, అచ్చుపోసి, తడిపి ఆరబెట్టిన ఇటుకయగును. ఆవము అక్కరలేదు, కట్టెలు అక్కరలేదు, పొలముమీది సారవంతమైన మన్ను అక్కరలేదు. ఈ చివరిమాట రైతులు గమనింపదగినది. అడుగు లోతు మన్ను ఇటుకబట్టీకి అమ్ముకొనిన పొలము మరల పంటకు రావలెనన్న ఎన్నియేండ్లు పట్టును! 1999 సెప్టెంబరు 14న కేంద్రప్రభుత్వము విద్యుత్కేంద్రములకు 50 కిలోమీటర్లలోపల ఇటుకలు చేయువారు బూడిదను కలుపవలెనని ఉత్తరువు చేసెను. తరువాతి ఉత్తరువులు ఆ నియమమును విస్తరించినవి.

ఫాల్‌జీ ఇటుక బరువైనదే. అది మన్నును కాపాడును గాని వేడిమిని అంతగా ఆపదు. అందుకు దాని తోబుట్టువు గలదు. బూడిద, సున్నము, సిమెంటు, జిప్సము కలిపిన పిండిలో చిటికెడు అల్యూమినియము పొడి వేసిన, దోసెపిండి పులిసినట్లు వాయువు పుట్టి పొంగును. దానిని ఆవిరిలో ఉడికించి దిమ్మెలు చేయుదురు. 1920లలో స్వీడను దేశమున పుట్టిన విద్య యిది. ఘనమీటరు సుమారు 600 కిలోలు మాత్రమే; వేడిమి అంకె సుమారు 0.16. మేస్త్రీలు ‘తేలిక ఇటుక’ అనునది దీనినే. నేడు తెలుగునాట గోడలకు ఇది దొరకుచునే యున్నది. గోడకు తేలిక దిమ్మె, కప్పునకు నురుగుగాజు – ఈ రెండింటి కీలకము ఒక్కటే: మంట అంటని గదులలో గాలిని కట్టివేయుట.

అందాక పేదవాడు చేయదగిన పని లేదా? కలదు. వేసవికి ముందు శ్లాబుపై చిక్కని తెల్లసున్నము పూసిన, ఎండలో చాల భాగము కప్పును సోకకయే తిరిగిపోవును. 2023లో తెలంగాణ ప్రభుత్వము చలువ కప్పులను గూర్చి ప్రత్యేక విధానమునే ప్రకటించెను. సున్నము ఎండను త్రిప్పికొట్టును; గాలి పొర మిగిలినదానిని ఆపును. ఒకటి నేడు చేతిలోనున్న ఉపాయము, రెండవది రేపటికి కూడబెట్టవలసిన ధనము.

కూడబెట్టుట ఎక్కడ ఆరంభము కావలెను? ప్రతి ఇంటి పెరటిలో. గాజునకు వేరుగా ఒక గోనెసంచి ఉంచుడు. పగిలిన దానిని చెత్తలో కలుపవలదు. చెత్త ఎత్తువారి చేతులు ఉక్కుతో చేసినవి కావు. తెల్లసీసా, పచ్చసీసా, గోధుమరంగు సీసా వేరుచేసిన పాత సామాన్ల దుకాణమువాడు మారుమాట లేక కొనును. అన్నమునందు రాళ్లు కలిసిన ఏరుట ఎంత కష్టమో, గాజులో పింగాణీ, రాళ్లు, మూతలు కలిసిన కర్మాగారమునకు అంత కష్టము. కలిసిన గాజు చెత్త. వేరైన గాజు సరకు. ఈ భేదము కొలిమిలో పుట్టదు, గడపవద్ద పుట్టును. పేటపేటకు ఇట్టి ప్రోగులున్నచో, వాని ననుసరించి కొలిమి తానే వచ్చును. ప్రోగు లేనిచోట కొలిమి పెట్టినవాడు నష్టపోవును.

గ్రంథాలయము పుట్టిన విధమును ఇట్టిదే. ఊరిలో ఒకరి అటకపై రెండు పుస్తకములు, మరియొకరి పెట్టెలో నాలుగు పుస్తకములు చెదలు పట్టుచుండగా, వానిని అడిగి తెచ్చి, దుమ్ము దులిపి, వరుస కట్టి, అంకె వేసి బీరువాలో పెట్టినందున కదా అది గ్రంథాలయమయ్యెను! విడివిడిగా నున్నపుడు అవి అటక బరువు. ఒకచోట చేరి క్రమము పొందినపుడు ఊరి వెలుగు. 25 సంవత్సరములుగా ఆ ఓపికను చూపినవారికి సీసాలు వేరుచేయుట పెద్దపని కాదు.

సభాపర్వములోని మయసభలో స్ఫటికపు నేలను చూచి నీరనుకొనియు, నీటిని చూచి నేలయనుకొనియు దుర్యోధనుడు భంగపడెను. వస్తువు నిజమెరుగనివానికి అట్టి భంగపాటు తప్పదు. గట్టుమీది గాజుకుప్పను చూచి చెత్తయనుకొనుటయు, తలపై మండు శ్లాబును చూచి భాగ్యమనుకొనుటయు అట్టి భ్రమలే. ఉక్కు కోసము భూములిచ్చిన ఊళ్లవారికి ఆ కొలిమి చిట్టెము, ఆ పొగగొట్టపు బూడిద, తమ ఇంట పగిలిన సీసా చల్లని గోడయై, చల్లని కప్పయై తిరిగిరావలెను. వేసవి రాత్రి పసిబిడ్డ చెమట పట్టక నిదురించిన ఇల్లే ఆ లెక్కకు సరియైన చెల్లు.

గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఆ సభ జరుగు మందిరపు కప్పుపై ఈ ఊరి గాజే గాలిని బంధించి కాపలా కాయుచుండుగాక!